ప్యాడ్‌పిన్ను మోక్షము

అవతారిక

కావ్యం ఎత్తుకునే ముందు ఇష్టదేవతను తలుచుకోవడం మర్యాద. భైంసాలో కూర్చున్న కవి ఆ దేవతను వెతుక్కుంటూ ఎక్కువ దూరం పోనక్కర్లేదు. బండెక్కితే గంటలోపు బాసర. అక్కడ గోదావరి ఒడ్డున వ్యాసుడు నది ఇసుకతో జ్ఞానసరస్వతిని మలిచి నిలిపాడని స్థలపురాణం. తల్లీ! భారతం చెప్పిన ఆయనకు లక్ష శ్లోకాలు ఇచ్చినదానివి, బ్రేకు ప్యాడ్లు మార్చిన కథ చెప్పేవాడికి నాలుగు మాటలు ఇవ్వలేవా? ఆయన యుద్ధానికి పద్దెనిమిది అక్షౌహిణులు కావలసి వచ్చాయి. మాకు అంత బలగం వద్దు. ఒక కాలిపరు, రెండు ప్యాడ్లు, ఆ రెంటినీ గుచ్చి నిలబెట్టిన చిటికెనవేలంత ఇనుప పిన్ను చాలు. ఆ పిన్ను ఊడి రాదు. అదే కథ.

కుకవినింద లేకుండా ముందుకు పోతే పూర్వకవులు ఊరుకోరు కనుక కుమెకానిక్కులకు కూడా నాలుగు చీవాట్లు పెట్టాలి. ఆరుమూలల గుంతలో అరిగిపోయిన ఎలన్‌కీ దూర్చి, ఆ మూలలన్నీ గుండ్రంగా చేసి, "బోల్టు మంచిది కాదు" అని తీర్పిచ్చేవాడు ఒకడు. బ్రేకు కీచుమంటోందంటే డిస్కు మీద ఇంజనాయిలు చుక్కలేసేవాడు ఇంకొకడు. వాడి చలవతో కీచు ఆగుతుంది, బండి మాత్రం ఆగదు. ఏది కదలకపోయినా ముందుగా సుత్తి కోసం చెయ్యి చాపేవాడు మూడోవాడు. వీళ్ళు ఈ కావ్యం చదవకపోయినా నష్టం లేదు. వీళ్ళకు బండి అప్పగించేవాళ్ళు చదివితే చాలు.

పురవర్ణన

ప్రబంధంలో నగరమంటే మేడలు మబ్బుల్ని ఒరుసుకోవాలి, అగడ్త పాతాళాన్ని అంటాలి. భైంసాకు అగడ్త లేదు గాని సుద్దవాగు ఉంది, దాని మీద గడ్డెన్న ప్రాజెక్టు ఉంది. మేడల లోటు పత్తి తీరుస్తుంది. దసరా దాటి పత్తి దిగడం మొదలైతే మార్కెట్ యార్డులో, జిన్నింగు మిల్లుల ముంగిళ్ళలో తెల్లటి గుట్టలు లేస్తాయి. వాటిని చూసిన ప్రబంధకవి హిమవంతుడే నల్లరేగడిలోకి దిగివచ్చాడని వర్ణించక మానడు. వర్ణించి తుమ్మక మానడు.

ఇక్కడ బేరం తెలుగులో మొదలై, మరాఠీలో ముదిరి, ఉర్దూలో తెగుతుంది. నిజాం రాజ్యంలో భైంసా నాందేడు జిల్లా ముధోల్ తాలూకాలో ఉండేది. 1956 నవంబరు 1న రాష్ట్రాలను విడగొట్టి కూర్చినప్పుడు నాందేడు బొంబాయి రాష్ట్రంలోకి పోయింది. ముధోల్, భైంసా, కుబీరు సర్కిళ్ళు ఇటు ఆదిలాబాదులో కలిశాయి. 2016 అక్టోబరు 11న, సరిగ్గా విజయదశమి నాడు, నిర్మల్ జిల్లా పుట్టి ఊరిని తన ఒళ్ళోకి తీసుకుంది. అందుకే ఇక్కడి మెకానిక్కు ఉస్తాదు, స్పానరు పానా, స్క్రూడ్రైవరు పేచ్‌కస్. పట్టేసిన పిన్నుకు మాత్రం మూడు భాషల్లోనూ తిట్లు సమృద్ధి.

ఈ నగరంలో, నిర్మల్ పోయే తోవలో, రేకుల షెడ్డొకటి మన యుద్ధరంగం. దాని ముందు వేపచెట్టు, పక్కన చాయ్ బండి. టైర్ల తోరణాలతో, పాత చైన్ల హారాలతో, నేలమీద తరతరాల ఆయిలు పట్టిన అద్దంలాంటి నలుపుతో అది మయసభను తలపిస్తుంది. దుర్యోధనుడు వచ్చినా ఇక్కడా జారేవాడే.

వంశవర్ణన

రాజులకు సూర్యచంద్రవంశాలున్నట్టే బ్రేకులకూ రెండు వంశాలు, డ్రమ్ము వంశం, డిస్కు వంశం. రాజ్‌దూత్, యెజ్డీ, ఆర్ఎక్స్ 100 తిరిగిన రోజులంతా డ్రమ్ము వంశమే ఏలింది. డిస్కు వంశ మూలపురుషుడు ఫ్రెడరిక్ లాంచెస్టర్. 1902లో బర్మింగ్‌హామ్‌లో కారు కోసం పేటెంటు పుచ్చుకున్నాడు. ఆయన వాడిన రాగి పట్టీలు చెవులు చిల్లులు పడేలా అరిచి, ఆనాటి రోడ్ల దుమ్ముకు ఇట్టే అరిగిపోయాయి. ఆ తర్వాత ఎన్నో తరాలకు, 1969లో, హోండా సీబీ 750 ముందు చక్రానికి హైడ్రాలిక్ డిస్కు తొడుక్కుని వచ్చి లోకాన్ని మెప్పించింది. మన దేశంలో 1999లో సీబీజెడ్, 2001లో పల్సర్ వచ్చాక ముందు చక్రంలో మెరిసే రేకు లేని బండిని కుర్రాళ్ళు బండిగా లెక్కించడం మానేశారు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్ళన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. ఆ ఏబీఎస్ కంప్యూటరు కన్నుమూసి తెరిచేలోగా ఎన్నో లెక్కలు వేయగలదు. తుప్పుపట్టిన పిన్ను లాగడం మాత్రం దానికి రాదు. అందుకే ఉస్తాదు ఇంకా ఉన్నాడు.

సముద్రవర్ణన

భైంసాకు సముద్రం లేదు. కావ్యానికి ఉండి తీరాలి. కాబట్టి హ్యాండిలు మీద, కుడిచేతి పక్కన, చిన్న గాజు కిటికీతో వెలసిన బ్రేకు ఆయిలు డబ్బాను సముద్రంగా భావించవలసిందని ప్రార్థన. దానికీ చెలియలికట్ట ఉంది. లోయర్ అనే గీత. దానికీ ఆటుపోట్లు ఉన్నాయి. ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం దిగుతుంది, కొత్తవి వేసి పిస్టన్లను వెనక్కి నెట్టితే ఎక్కుతుంది. మూతదాకా నింపి ఉంచిన డబ్బా అప్పుడు పొంగి, ట్యాంకు మీద పడి, రంగును ఒలిచేస్తుంది. అగస్త్యుడు తాగితే ఆయన కడుపుకూ అదే గతి.

ఈ సముద్రానికో దుర్గుణం ఉంది. గాలిలోని తేమను దొంగచాటుగా తాగుతుంది. డాట్ 4 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ బాగా తాగిందంటే 155 డిగ్రీలకే మరిగిపోవచ్చు. మరిగిన చోట ఆవిరి బుడగలు లేస్తాయి, లివరు మెత్తబడి చేతికి అంటుకుపోతుంది. అందుకే రెండేళ్ళకోసారి ఆ సముద్రాన్నే మార్చమంటారు.

రాక్షసజననం

కథలో విలను తుప్పాసురుడు. తండ్రి గాలి, తల్లి నీరు, మేనమామ ఎరువు బస్తా. ఈ సీమలో మోటార్‌సైకిలు సవారికి ఎంతో, బస్తాలకూ అంతే. వెనక సీటు మీద యూరియా, డీఏపీ ఊరేగుతాయి. బస్తా కుట్టులోంచి రాలిన పలుకులు తేమకు కరిగి ఇనుముకు ఉప్పునీటి స్నానం చేయిస్తాయి. వానాకాలం నల్లరేగడి మడ్‌గార్డు కింద గూడు కట్టి, చక్రాన్ని గర్భవతిని చేసి, కాలిపరు సందుల్లో తడిని రోజుల తరబడి దాస్తుంది.

ఇక జలక్రీడ. దసరాకు ఆయుధపూజ ఉంది కదా అని బండిని వాటర్ సర్వీసింగుకు తోలుతారు. పిడుగులాంటి నీటిధార కాలిపరు రబ్బరు తొడుగుల కిందికి దూరి, ఉన్న గ్రీజును కడిగి, తన సంతానాన్ని అక్కడ వదిలి వస్తుంది. పైన పసుపు, కుంకుమ, బంతిపూలు. లోపల రాక్షసుడికి బారసాల.

వాడి మాయ ఏమంటే, చావబోయే ఇనుము కంటే పుట్టే తుప్పు రెండింతలకు మించి చోటు అడుగుతుంది. వెంట్రుక దూరని సందులో పుట్టి, పెరిగి, గోడలను తోసి, పిన్నును కదలనివ్వకుండా బిగుసుకుంటాడు. పిన్ను ఉక్కు, కాలిపరు అల్యూమినియం. రెండు వేర్వేరు లోహాల నడుమ ఉప్పుతడి చేరితే అల్యూమినియం కూడా తెల్లటి బూజు కక్కి వాడికి తోడు నిలుస్తుంది. గజేంద్రుడి కాలు పట్టిన మొసలికి కనీసం చెరువు కావలసి వచ్చింది. వీడికి ఒక చెమ్మచుక్క చాలు.

ఫిర్యాదు

సోయాబీను అమ్మి, పత్తి ఏరించే హడావిడిలో ఉన్న రైతొకాయన బండిని నెట్టుకుంటూ షెడ్డు ముందుకు వచ్చాడు.

"ఏం కాకా, బ్రేకు పడ్తలేదా?"

"పడ్తది ఉస్తాద్. పట్టింది ఇడుస్తలేదు. బండి గుంజుతలేదు, పెట్రోలు మాత్రం గుంజుతుంది."

ఉస్తాదు బండిని స్టాండు వేసి, ముందు చక్రం పైకి లేపి, చేత్తో తిప్పాడు. సుదర్శనంలా తిరగవలసిన చక్రం సగం చుట్టుకే మూలిగి నిలబడింది. కాలిపరు సందులోకి టార్చి కొట్టి చూస్తే ఒక ప్యాడు అరిగి రేకు తేలింది, ఇంకొకటి సగానికి సగం మిగిలే ఉంది. రోగం అక్కడే తెలిసిపోయింది. కాలిపరు రెండు జారుడు పిన్నుల మీద అటూ ఇటూ కదిలితేనే రెండు ప్యాడ్లూ సమానంగా నొక్కుతాయి. ఆ పిన్నులు జామైతే పిస్టను పక్కన ఉన్న ప్యాడే కష్టమంతా పడుతుంది. ఉమ్మడి కుటుంబాల్లో ఇది కొత్త సంగతేం కాదు. ప్యాడ్లు మార్చాలంటే ముందు వాటిని గుచ్చిన ప్యాడ్‌పిన్ను రావాలి. అదీ తుప్పుతో బిగుసుకుంది.

మంత్రాలోచన

యుద్ధానికి ముందు మంత్రాలోచన జరగాలి. పిలవకుండానే సభ నిండింది. రిటైరైన ఆర్టీసీ డ్రైవరు, ఎరువుల దుకాణం గుమస్తా, ఆటో డ్రైవరు, కాలేజీ ఎగ్గొట్టిన ఇద్దరు యువరాజులు వేపచెట్టు కింద కొలువు తీరారు.

"డీజిల్ పొయ్యి ఉస్తాద్, ఎన్నలెక్క వస్తది," అన్నాడు ఒక మంత్రి.

"గ్యాసు మంట పెట్టున్రి," అన్నాడు ఇంకొకడు.

"సుత్తెతోని ఒక్కటి సరిస్తే దాని తాత దిగొస్తడు," అన్నాడు మూడో మంత్రి. శల్యుడి అంశలో పుట్టినవాడు.

ఉస్తాదు భీష్ముడిలా అందరి మాటా విన్నాడు. డీజిల్ రబ్బరును ఉబ్బిస్తుంది. గ్యాసు మంట రబ్బరును కాల్చేస్తుంది, లోపలి బ్రేకు ఆయిలు అంటుకోవచ్చు కూడా. సుత్తి దెబ్బకు పిన్ను రాదు, కాలిపరు చెవి విరుగుతుంది; విరిగితే కొత్త కాలిపరు కొనాల్సిందే. "మీరు చాయ్ తాగున్రి," అని సభను ముగించాడు. ఈలోగా పిన్ను వస్తుందా రాదా అని యువరాజులు రెండు చాయ్‌ల పందెం కాసుకున్నారు. అలా ద్యూతమూ మధుపానమూ ఒకే గ్లాసులో తీరిపోయాయి.

యుద్ధకాండ

మొదటి నియమం వ్యూహానిది. తెలియనివాడు ముందు కాలిపరును ఊడదీసి చేత్తో పట్టుకుని, ఆ తర్వాత పిన్నుతో కుస్తీ పడతాడు. ఒక చేతిలో కాలిపరు గిరగిర తిరుగుతుంటే ఇంకో చేతిలో ఎలన్‌కీ జారుతుంది. ఉస్తాదు కాలిపరును ఫోర్కుకు బిగించి ఉండగానే పిన్నును సడలించడానికి కూర్చున్నాడు. శత్రువును వాడి కోటలోనే కట్టేసి కొట్టడమన్నమాట.

పిన్ను తలమీద ఇత్తడి రంగు మూత ఒకటి ద్వారపాలకుడిలా నిలిచింది. సరిగ్గా గాడికి సరిపోయే వెడల్పాటి పేచ్‌కస్ పెట్టి, వెనక చిన్న దెబ్బ వేసి తిప్పితే తప్పుకున్నాడు. తర్వాత గుంతలో పేరుకున్న మట్టిని సూదితో గీకి తీయడం. ఇది చూడడానికి వీరకృత్యంలా ఉండదు గాని, మట్టి అడుగున ఉండగా తాళం సగమే దిగుతుంది, సగం దిగిన తాళం మూలలను కొరికేస్తుంది. మూలలు పోయాక మిగిలేది బ్రహ్మాస్త్రమే. నెత్తిన నట్టు పెట్టి వెల్డింగు చేసి తిప్పాలి, లేదా డ్రిల్లు వేయాలి. బ్రహ్మాస్త్రం వేసిన చోట పన్నెండేళ్ళు వాన పడదంటారు. డ్రిల్లు వేసిన చోట మర మిగలదు.

అస్త్రప్రయోగం. తుప్పును వదిలించే స్ప్రే డబ్బాను షెడ్డులో పనిచేసే చిన్నోడు అందించాడు. దీనికీ పురాణముంది. 1953లో అమెరికాలోని శాన్ డియేగోలో రాకెట్లకు తేమ తగలకుండా కాపాడే ద్రవం కోసం వెతుకుతూ, నలభయ్యో కూర్పులో కుదిరిందట. డబ్ల్యూడీ-40 పేరులోని నలభై అదేనట. ఆకాశానికి ఎగిరే అస్త్రం కోసం పుట్టినది భైంసాలో ప్యాడ్‌పిన్ను పాదాల దగ్గర చేరింది. ఉస్తాదు దాన్ని డిస్కు మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టి, పిన్ను మొదట్లో మాత్రమే రెండు చుక్కలు దించాడు. ద్రవం సందుల్లోకి తనంతట తాను పాకుతుంది. ఆ పాకుడును ఎవరూ తొందర పెట్టలేరు.

ఇక్కడ కావ్యానికి విరహం అవసరం. ప్రబంధ నాయికానాయకులు కలవలేక తపిస్తారు. మా పిన్నూ ప్యాడ్లూ విడిపోలేక తపించాయి. వెన్నెల లేదు, మలయమారుతం లేదు, ట్రాక్టర్ల పొగ ఉంది. రైతు మాటిమాటికీ పొద్దును చూశాడు.

"జల్ది జేయరాదు ఉస్తాద్, యార్డుకు పోవాలె."

"జర ఆగు కాకా. ఇది మన మాట ఇనది, దాని మాట మనమే ఇనాలె."

అప్పుడు ఉస్తాదు చాయ్ బండి మీదినుంచి మరిగే నీళ్ళ కెటిలు తెప్పించాడు. ప్యాడ్లకూ డిస్కుకూ గుడ్డ కప్పి, కాలిపరు మీద పిన్ను దూరిన చోట సన్నటి ధారగా పోశాడు. సభ నివ్వెరపోయింది. నీటితో పుట్టినవాడిని నీటితోనే చంపడమేమిటని? లెక్క ఉంది. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే సుమారు రెండింతలు సాగుతుంది. కాలిపరు కన్నం వెడల్పవుతుంది, లోపలి పిన్ను అంతగా ఉబ్బదు. తేడా వెంట్రుక మందంలో పదోవంతు కూడా ఉండకపోవచ్చు. తుప్పాసురుడి కోటకు బీట వేయడానికి అదే చాలు.

కెటిలు దించి, కొత్త ఎలన్‌కీ గుంతలో అడుగుదాకా దించి, ఉస్తాదు పిన్నును విప్పవలసిన వైపుకు కాక, బిగించే వైపుకు ఒక పిసరు తిప్పాడు. మూడో మంత్రి "అయ్యో" అన్నాడు. తుప్పు పొర ముందు ఆ వైపు చిట్లాలి. ఆ తర్వాత విప్పే వైపుకు. మళ్ళీ బిగించే వైపుకు. మళ్ళీ విప్పే వైపుకు.

టక్.

ఆ శబ్దానికి దిక్కులు పిక్కటిల్లాయి. దిగ్గజాలు ఉలిక్కిపడ్డాయి. వేపచెట్టు మీద కాకులు లేచాయి. ఆ క్షణాన యార్డుకు పోతున్న పత్తి ట్రాక్టరొకటి షెడ్డు ముందు గుంతలో ఎగిరిపడి, సభ నెత్తిన తెల్లటి దూదిని కురిపించింది. పుష్పవృష్టికి ఇంతకంటే లౌకికమైన సాక్ష్యం ఏ కావ్యంలోనూ దొరకదు. పిన్ను మరలు ఒక్కొక్కటిగా వదులుతూ, ఎర్రటి పొడి రాల్చుకుంటూ, బయటికి వచ్చింది. మోక్షం పొందిన గజేంద్రుడు విష్ణువు వెంట వైకుంఠానికి పోయాడు. మా పిన్ను పాత డబ్బాలో ఠంగుమని పడింది.

రహస్యోపదేశం

కాలిపరు ఊడదీశాక జారుడు పిన్నుల వంతు. వాటిలో గ్రీజు ఎండి బంకగా మారింది. పాతది తుడిచి, తుప్పు మచ్చలను సన్నటి ఎమెరీ కాగితంతో రుద్ది, సిలికాన్ గ్రీజు రాశాడు. మామూలు గ్రీజు రబ్బరు తొడుగును ఉబ్బించి పిన్నును మళ్ళీ పట్టేయిస్తుంది.

ఆఖరి శత్రువు పిస్టను. దాన్ని పకడుతో పట్టి లాగితే గీతలు పడతాయి. లివరును మెల్లగా నొక్కి పిస్టనును కొద్దిగా బయటికి రప్పించి, చుట్టూ మురికి తుడిచి, మళ్ళీ వెనక్కి నెట్టి, ఇలా దాన్ని సాధువును చేశాడు. పిస్టను చుట్టూ నలుచదరపు అంచుల రబ్బరు రింగు ఉంటుంది. బ్రేకు నొక్కినప్పుడు పిస్టను ముందుకు జరిగితే ఆ రింగు మెలి తిరుగుతుంది. వదిలితే తన ఆకారానికి తాను వస్తూ పిస్టనును వెనక్కి లాక్కుంటుంది. లోపల వేరే స్ప్రింగేమీ లేదు. మనిషి రెండు వేళ్ళ బలాన్ని పాస్కల్ సూత్రం ఎన్నో రెట్లు పెంచి డిస్కు మీద నొక్కుతుంది గాని, విడిచిపెట్టే పని మొత్తం ఆ పిసరు రబ్బరుదే. మురికి పేరుకుంటే అది కూడా చేతులెత్తేస్తుంది.

"పట్టుడు ఏదైనా పడ్తది కాకా," అన్నాడు ఉస్తాదు పిస్టను తుడుస్తూ. "ఇడుసుడు తెలిసినదే బ్రేకు."

వేదవ్యాసుడు శాంతిపర్వంలో ఇంత పొడుగు చెప్పి తేల్చింది కూడా దాదాపు ఇదే.

నాయకాభ్యుదయం

కొత్త పిన్నుతో కొత్త ప్యాడ్లు లోపలికి వెళ్ళాయి. తుడిచిన డిస్కు పడమటి ఎండలో తళుక్కుమంది. చంద్రోదయవర్ణన బాకీ ఉన్నవాళ్ళు దాన్నే జమ కట్టుకోవాలి. కాలిపరు ఫోర్కు మీద కూర్చుని డిస్కునూ ప్యాడ్లనూ కలపడంతో వివాహం కూడా అయింది.

రైతు బండెక్కి కిక్కు కొట్టబోయాడు. ఉస్తాదు హ్యాండిలు పట్టుకుని ఆపాడు. ప్యాడ్లు మార్చాక లివరు మొదటిసారి నొక్కితే గ్రిప్పుదాకా వచ్చేస్తుంది. వెనక్కి నెట్టిన పిస్టను ఇంకా ప్యాడును అందుకోలేదు కదా. గట్టిపడేదాకా నొక్కి వదిలి, నొక్కి వదిలి చేయకుండా రోడ్డెక్కినవాడికి మొదటి మలుపులోనే కథ ముగుస్తుంది. లివరు గట్టిపడింది. చక్రం తిప్పితే చివరిదాకా తిరిగింది. నొక్కితే ఆగింది, వదిలితే మళ్ళీ తిరిగింది.

రైతు యార్డు వైపు పోయాడు. రోడ్డు మీద ఆరబోసిన సోయా కుప్ప దగ్గర బ్రేకు వేసి, ఆగి, ఎద్దుల బండికి దారిచ్చి, వదిలి కదిలాడు. అర్జునుడి రథానికి కృష్ణుడు ఉన్నాడు. ఈ రథానికి అప్పటికి ఆ కొత్త పిన్నే ఉంది, అది చాలింది.

ఫలశ్రుతి

ఈ కావ్యాన్ని చదివినవారికి, విన్నవారికి, షాపు ముందు నిలబడి సలహాలిచ్చినవారికి కలిగే ఫలం ఇది. ఏటా వానలు వెనక్కి పోయాక ప్యాడ్‌పిన్ను ఒకసారి విప్పి, తుడిచి, వేడికి కరగని గ్రీజు పల్చగా రాసి బిగించినవారి ఇంట తుప్పాసురుడు అడుగుపెట్టడు. జారుడు పిన్నులకు సిలికాన్ గ్రీజు పెట్టించినవారి ప్యాడ్లు అన్నదమ్ముల్లా సమానంగా అరుగుతాయి. రెండేళ్ళకోసారి బ్రేకు ఆయిలు మార్పించినవారు ఘాటు రోడ్డు దిగేటప్పుడు దేవుడిని పిలవనక్కర్లేదు. కొత్త ప్యాడ్ల మీద మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా బ్రేకు వేసుకునేవారికి ఆ ప్యాడ్లు ఆయుష్షంతా విధేయంగా ఉంటాయి. ఎరువు బస్తా మోసిన రోజు బకెట్టు నీళ్ళతో చక్రం కడిగి, రెండు వీధులు తిప్పి, బ్రేకు రెండుసార్లు వేసి ఆరబెట్టినవారు పుణ్యాత్ములు.

ఇవేవీ చేయలేని భక్తులకు సులభమార్గం ఒకటుంది. రేపు బండి తీసే ముందు స్టాండు వేసి, ముందు చక్రం లేపి, చేత్తో ఒకసారి తిప్పండి. ఎక్కడా పట్టకుండా తిరిగితే దండం పెట్టి బయల్దేరండి. మూలిగి ఆగిందా, ఎలన్‌కీ సరిగ్గా పట్టుకోవడం తెలిసిన ఉస్తాదు దగ్గరికి నడిపించుకు వెళ్ళండి. సుత్తి ముందుగా అందుకునేవాడు కనిపిస్తే మాత్రం బండి అక్కడ దింపకండి.